బెస్ట్ కంటే పైన ఏముంది?

*సూపర్, డీలక్స్, అల్ట్రా, మెగా, నంబర్ వన్... సాటిలేనిదని చెప్పాలంటే మన బజారుకు ఇంగ్లీషు మాటే కావాలి. ఆ మాట వెనక కొలత ఉన్నచోట ఒక కథ, లేనిచోట ఇంకో కథ.*

మార్చి నెల, గుంటూరు మిర్చి యార్డు. పొద్దు పొడవకముందే లారీలు, ట్రాక్టర్లు బారులు తీరాయి. లోపల అడుగుపెడితే ముందు పలకరించేది ఘాటు. ఆ తర్వాత దగ్గు. ఎటు చూసినా టిక్కీల, అంటే మిర్చి బస్తాల వరసలు. ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న రైతు తన సరుకు పక్కనే నిలబడి ఉన్నాడు. రాత్రంతా బండి మీద వచ్చిన మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

కొనుగోలుదారు వచ్చాడు. టిక్కీ మూతి విప్పించి గుప్పెడు కాయ తీశాడు. వెలుగులో రంగు చూశాడు. ఒక కాయ విరిచాడు. ఇంకోటి అరచేతిలో నలిపి తేమ ఎంతుందో చూశాడు. అంతా కలిపి అరనిమిషం. పక్కనున్న కమీషన్ ఏజెంటుతో ఒకే మాట అన్నాడు: "మీడియం బెస్ట్."

"అదేందండీ! నిన్న మా బామ్మర్ది కాయ డీలక్స్‌లో పోయింది. విత్తనం ఒకటే, చేనూ పక్కపక్కనే" అన్నాడు రైతు. కొనుగోలుదారు అప్పటికే పక్క వరసలోకి వెళ్లిపోయాడు. "ఆయన చెయ్యి తిరిగినోడు బాబాయ్, చూడగానే చెప్పేస్తాడు" అని ఏజెంటు సర్దిచెప్పబోయాడు. రైతు మాత్రం విరిచిన కాయ రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని చూసుకుంటున్నాడు. డీలక్స్‌కూ దీనికీ తేడా ఎక్కడుందో ఆయనకు ఎవరూ చూపించలేదు.

మిర్చి సీజన్‌లో ఇలాంటి సంభాషణ ఆ యార్డులో వినపడని రోజుండదు. అక్కడి సరుకు నిచ్చెనలో అన్నిటికంటే పైన డీలక్స్. దాని కింద బెస్ట్. ఆ కింద మీడియం బెస్ట్, మీడియం. అట్టడుగున రంగు పోయి తెల్లబడిన తాలు. ఇంగ్లీషు పాఠంలో 'బెస్ట్' అంటే ఇక పైన మెట్టు లేదని మాస్టారు చెప్తారు. గుంటూరులో అది రెండో మెట్టు. తేజ అయినా, 341 అయినా, సూపర్ 10 అయినా ధరల పట్టికలో ఈ మాటలు పక్కన లేకుండా ఏ రకానికీ రేటు రాదు. బడి ముఖం చూడని రైతుకు కూడా ఈ ఇంగ్లీషు కంఠతా వచ్చు, ఎందుకంటే ఏడాది కష్టం ఆ మాట మీదే తూగుతుంది.

ఎంత తూగుతుందో లెక్క వేసుకోవచ్చు. రెండు మెట్ల మధ్య క్వింటాలుకు 500 రూపాయలు తేడా ఉందనుకుంటే, 40 క్వింటాళ్లు తెచ్చిన రైతు ఒక్క మాటతో 20 వేలు పోగొట్టుకుంటాడు. తాలుకాయకైతే చాలాసార్లు మంచికాయ ధరలో సగం కూడా రాదు. ధరలు బాగున్న ఏడాది ఈ నష్టం కడుపులో పెట్టుకోవచ్చు. 2025 సీజన్‌లో మిర్చి ధర కూలిపోయినప్పుడు అలా కుదరలేదు. ఆ ఏడాది కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించి, 2.91 లక్షల టన్నుల వరకు వర్తింపజేయాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో బెస్ట్‌కూ మీడియం బెస్ట్‌కూ మధ్య ఉన్న సన్నని గీత రైతు ఇంట్లో ఫీజు కట్టడానికీ కట్టలేకపోవడానికీ మధ్య గీత అవుతుంది.

ఆ గీత గీసేది ఒక మనిషి కన్ను, ఒక మనిషి వేళ్లు. అనుభవం ఉన్న కన్నే, కాదనలేం. ఎండుమిర్చికి ఆగ్‌మార్క్ ప్రమాణాలూ ఉన్నాయి. తేమ ఎంత శాతం దాటకూడదు, విరిగిన కాయలు ఎన్ని ఉండొచ్చు, తొడిమ లేనివి ఎన్ని, చెత్త ఎంత అని అంకెల్లో రాసిపెట్టారు. యార్డులో వరస మధ్య వినపడే మాటకు మాత్రం ఆ అంకెలతో పనిపడదు.

సన్నాలకు కాలిపర్ వచ్చింది

తెలంగాణలో ఇటీవల జరిగింది దీని పక్కన పెట్టి చూడాల్సిన సంగతి. 2024 వానాకాలం పంట నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వెంటనే ప్రశ్న వచ్చింది: ఏది సన్నం? బస్తాల మీద 'ఫైన్', 'సూపర్ ఫైన్' అని ఎవరికి తోచింది వాళ్లు అచ్చేసుకుంటున్న బజారు ఇది. మిల్లరు ఒకటి అంటాడు, రైతు ఇంకొకటి అంటాడు, దళారి మూడోది అంటాడు.

ప్రభుత్వం 33 రకాలను గుర్తించింది. కొనుగోలు కేంద్రాలకు గ్రెయిన్ కాలిపర్లు పంపింది. అరచేతిలో పట్టే పరికరం, గింజ పొడవు, వెడల్పు కొలిచి చూపిస్తుంది. పొట్టు తీసిన గింజను దాని దవడల మధ్య పెట్టి అందరి ఎదుటా అంకె చదువుతారు. తూకంలో, తేమలో, మిల్లు కోతల్లో గొడవలు అక్కడా ఉన్నాయి. కానీ 'నీది సన్నం కాదు' అన్న మాటకు 'ఎట్లా కాదో చూపియ్' అని రైతు ఎదురు అడగగలిగే వీలు దొరికింది. 500 రూపాయల విలువున్న విశేషణం చేతికి అందే కొలతగా మారింది. మిర్చికి అంత తేలిక కాదన్నది నిజమే. రంగు, మెరుపు, ఘాటు ఒక్క పరికరంలో ఇమడవు. అయినా తేమ కొలిచే మీటరు, రంగు పోల్చే నమూనా పలక ప్రతి వరసలోనూ ఉంటే రైతుకు కనీసం వాదించడానికి ఆధారం దొరుకుతుంది.

---

■ పలాస లెక్క వేరు

*శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు వ్యాపారి నోట 'సూపర్', 'ప్రీమియం' అన్న మాటలకన్నా అంకెలే ఎక్కువగా వస్తాయి. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320. డబ్ల్యూ అంటే తెల్లని గుండు పప్పు. పక్కనున్న అంకె, ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. అనుమానం వస్తే తూచి లెక్కపెట్టుకోవచ్చు. ముంబయిలో ఉన్న కొనుగోలుదారు పప్పు చూడకుండానే ఫోన్‌లో బేరం ఖాయం చేసుకోగలగడానికి కారణం ఇదే.*

---

బస్సు మీద రాసిన నిచ్చెన

ఇంగ్లీషు విశేషణాలతో తెలుగువాళ్లకు రోజూ పరిచయం చేయించేది ఆర్టీసీ. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ. నిఘంటువు ప్రకారం చూస్తే 'అల్ట్రా' అంటే హద్దు దాటినది, 'డీలక్స్' అంటే విలాసమైనది. రెండూ కలిసినా ఆంధ్రప్రదేశ్ బస్టాండుల్లో అది సూపర్ లగ్జరీ కంటే కిందే. తర్వాత పల్లెవెలుగుకూ 'అల్ట్రా' తగిలింది.

ఏసీ బస్సులు వచ్చాక సంస్థకు ఇంకా పైమెట్టు మాట కావాల్సి వచ్చింది. సూపర్ లగ్జరీ అప్పటికే అయిపోయింది. అప్పుడు ఇంద్ర, గరుడ, వెన్నెల, అమరావతి వచ్చాయి. తెలంగాణలో రాజధాని, లహరి. ఇంగ్లీషు నిచ్చెన ఆగిపోయినచోట ఆర్టీసీ పురాణాల్లోకీ, చరిత్రలోకీ, వెన్నెల్లోకీ వెళ్లింది. పేర్లు పెట్టినవాళ్ల అభిరుచిని మెచ్చుకోవాలి. గరుడ బస్సు ఎంత వేగమో ఎవరికీ వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. చివరికి గరుడకూ పైమెట్టు కావాల్సి వచ్చి 'గరుడ ప్లస్' అయింది.

ఇంత గందరగోళంగా కనిపించే ఈ పేర్లతో ప్రయాణికుడు ఎందుకు మోసపోడు? ప్రతి పేరు వెనకా ఒక సీటు ఉంది, ఒక టికెట్ పట్టిక ఉంది. సూపర్ లగ్జరీ అంటే వెనక్కి వాలే సీటు, ఏసీ ఉండదు, చార్జీ ఇంత. బస్టాండులో కూర్చున్న ముసలమ్మను అడిగినా చెబుతుంది. లగ్జరీ అన్న మాట నిఘంటువు అర్థం వదిలేసి పనికొచ్చే గుర్తుగా స్థిరపడింది.

రైల్వేలో ఇదే తీరు మొదలై దారి తప్పింది. 'సూపర్‌ఫాస్ట్' అన్న మాటకు రైల్వే నిర్వచనం ఉంది. బ్రాడ్‌గేజ్ మీద సగటున గంటకు 55 కిలోమీటర్లు లేదా అంతకుమించిన వేగంతో నడిచే రైలు సూపర్‌ఫాస్ట్. ఆ మాటకు విడిగా చార్జీ కూడా ఉంది. స్లీపర్‌లో అది 30 రూపాయలు, ఫస్ట్ ఏసీలో 75. మాటకు కొలత, కొలతకు ధర. ఇంతవరకు సక్రమమే. అయితే 2017లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ కాగ్ తన నివేదికలో లెక్క తీసింది. ఉత్తర మధ్య రైల్వే, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే 2013 నుంచి 2016 వరకు, రైళ్లు ఆ వేగం అందుకోని రోజులకు కూడా ప్రయాణికుల నుంచి 11.17 కోట్ల రూపాయల సూపర్‌ఫాస్ట్ చార్జీ వసూలు చేశాయని తేల్చింది. రైలు ఆలస్యంగా నడిచింది. డబ్బు మాత్రం 'సూపర్' వేగానికి తీసుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. 55 అనే అంకె రాసి ఉంది కాబట్టే కాగ్ ఆ తప్పు పట్టుకోగలిగింది. 'అత్యంత వేగం' అని మాత్రమే రాసి ఉంటే పట్టుకునే దారే లేదు.

బిరుదుకు ఒకప్పుడు పరీక్ష ఉండేది

గొప్పను గొప్పగా చెప్పుకోవడం మనకు ఇంగ్లీషు నేర్పిన అలవాటేమీ కాదు. శ్రీనాథుడు కవిసార్వభౌముడు. పెద్దన ఆంధ్రకవితాపితామహుడు. అయితే శ్రీనాథుడి కథలో ఆ బిరుదు ఎలా వచ్చిందో కూడా చెబుతారు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభ. గౌడ డిండిమభట్టు తనకు సాటి లేరని కంచుఢక్క మోగించుకుంటూ ఉండేవాడు. శ్రీనాథుడు వాదానికి దిగాడు, గెలిచాడు, ఆ ఢక్కను పగలగొట్టించాడు, కనకాభిషేకం చేయించుకున్నాడు. సాటిలేనివాణ్నని చాటుకున్నవాడు సభలో పరీక్షకు నిలబడాలి, ఓడితే ఢక్క వదులుకోవాలి. అదీ అప్పటి మర్యాద.

సినిమా ఆ సంప్రదాయాన్ని అందిపుచ్చుకుంది. నటసార్వభౌమ, నటసామ్రాట్ లాంటి సంస్కృత బిరుదులతో మొదలై ఇంగ్లీషులోకి మారింది. సూపర్ స్టార్ కృష్ణ. ఆ తర్వాత చిరంజీవి. ఆయన పేరు ముందు మొదట ఉన్నది 'సుప్రీం హీరో'. సుప్రీం అంటేనే అందరికీ పైన. దాని పైన ఇంకేం పెడతారు? 1988లో నిర్మాత కె.ఎస్. రామారావు 'మరణమృదంగం' సినిమాతో 'మెగాస్టార్' అన్నారు. అది అంటుకుపోయింది. సుప్రీం జనం నోటి నుంచి జారిపోయింది, మెగా ఇప్పుడు ఒక కుటుంబానికే ఇంటిపేరులా మారింది.

బిరుదుల మీద అభిమానులకు ఉన్న ప్రేమను తక్కువ చేయడానికి లేదు. తొలి ఆట టికెట్ కోసం రాత్రంతా నిలబడ్డ కుర్రాడికి ఆ మాట తన సంతోషానికి పేరు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, సినిమా విడుదలైన మొదటి రోజు మధ్యాహ్నానికే 'బ్లాక్‌బస్టర్' పోస్టరు పడుతుంది. రెండో వారం 'ఆల్‌టైమ్ బ్లాక్‌బస్టర్', ఆ తర్వాత 'ఇండస్ట్రీ హిట్'. వేదిక మీద యాంకర్ ప్రతి అతిథినీ 'ది వన్ అండ్ ఓన్లీ' అనే పిలుస్తుంది. పదిమంది అతిథులుంటే పదిమందీ ఏకైకులే. ఇలా ప్రతి సినిమాకూ ఒకే మాట వాడాక, నిజంగా జనం గుండెల్లో నిలిచిన సినిమా వచ్చినప్పుడు దానికంటూ మాట మిగలడం లేదు. ఊరి సినిమాహాలు నడిపేవాడు పోస్టరు చూడ్డం మానేసి సోమవారం మ్యాట్నీకి ఎన్ని టికెట్లు తెగాయో చూసుకుంటున్నాడు. ఆయన కొలత అది.

---

■ బ్లాక్‌బస్టర్ ఒక బాంబు

*రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం జర్మనీ నగరాల మీద వేసిన భారీ బాంబులకు పత్రికలు పెట్టిన పేరు 'బ్లాక్‌బస్టర్'. వీధుల మధ్య ఉన్న భవనాల సముదాయం మొత్తాన్ని, అంటే ఒక 'బ్లాక్'ను నేలమట్టం చేస్తుందని అర్థం. యుద్ధం జరుగుతుండగానే, 1943లోనే, అమెరికా సినిమా ప్రకటనల్లోకి ఈ మాట దిగింది. ఆ పేరు వెనక ఎన్ని ఇళ్లు కూలాయో తెలియకుండానే ప్రపంచమంతా దాన్ని ఆనందంతో పలుకుతోంది.*

---

బీరు కంపెనీ పుస్తకం

సాటిలేనిదని చెప్పుకోవాలంటే లెక్క చూపించు అన్న పట్టుదలకు ప్రపంచమంతా తెలిసిన పేరు గిన్నిస్. దాని పుట్టుక సరదాగా ఉంటుంది. 1951లో ఐర్లాండ్‌లోని వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో గిన్నిస్ బీరు కంపెనీ అధిపతి సర్ హ్యూ బీవర్ వేటకు వెళ్లాడు. వేటాడే పక్షుల్లో యూరప్‌లో ఏది అన్నిటికంటే వేగంగా ఎగురుతుందని మిత్రులతో వాదన వచ్చింది. ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. ఇలాంటి వాదనలు తేల్చే పుస్తకం ఒకటుంటే బాగుంటుందనుకుని మెక్‌విర్టర్ కవల సోదరులకు పని అప్పగించాడు. 1955లో తొలి ప్రతి వచ్చింది.

ఆ పుస్తకంలోకి ఎక్కడమంటే తెలుగువాళ్లకు మహా ఇష్టం. రామోజీ ఫిల్మ్ సిటీ, అత్యధిక చిత్రాల నిర్మాత డి. రామానాయుడు, అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళ విజయనిర్మల, బ్రహ్మానందం, పి. సుశీల, ఇటీవల 2024లో చిరంజీవి. తూర్పు గోదావరి తాపేశ్వరం మిఠాయి తయారీదార్లు 2016లో 29,465 కిలోల లడ్డూతో ఎక్కారు. ఇవన్నీ కేవలం సంబరాలనుకుంటే పొరపాటు. సుశీలమ్మ గొంతు గొప్పదని చెప్పడానికి గిన్నిస్ అక్కర్లేదు, అది పాట విన్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఆమె పాడిన పాటలు 17,695 అని లెక్కగట్టి ధ్రువీకరించినప్పుడు, ఒక మనిషి ఎన్ని వేల పొద్దులు మైకు ముందు నిలబడితే ఆ అంకె వచ్చిందో ఊహించగలం. 'సూపర్ సింగర్' అన్న మాటకు ఆ బరువు లేదు.

చట్టం ఏమంటుంది?

'ప్రపంచంలోనే బెస్ట్' అని ఎవరైనా రాసుకోవచ్చా? చాలామందికి ఆశ్చర్యం కలిగించే జవాబు: చాలాకాలం పాటు రాసుకోనిచ్చారు. రాబిన్ బ్లూ తయారీదారులు ఉజాలా ప్రకటన మీద కోర్టుకెక్కిన కేసులో కలకత్తా హైకోర్టు 1999లో కొన్ని సూత్రాలు చెప్పింది. వ్యాపారి తన సరుకు ప్రపంచంలో అన్నిటికంటే మేలైనదని చెప్పుకోవచ్చు, అది నిజం కాకపోయినా సరే. పోటీదారు సరుకుతో పోల్చుకోవచ్చు కూడా. అవతలివాడి సరుకు చెడ్డదని మాత్రం అనకూడదు. తర్వాత వచ్చిన ఎన్నో ప్రకటనల తగాదాల్లో ఈ సూత్రాలనే తిరగేశారు.

అమెరికాలోనూ ఇదే ధోరణి. 'మరింత మేలైన ముడిసరుకు, మరింత మేలైన పిజ్జా' అన్న పాపా జాన్స్ నినాదం మీద పిజ్జా హట్ దావా వేసింది. కింది కోర్టులో గెలిచింది. 2000లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఇలాంటి మాటలు వ్యాపారి సహజంగా కొట్టుకునే డప్పు, బుద్ధి ఉన్నవాడెవడూ దాన్ని పట్టుకుని సరుకు కొనడని న్యాయస్థానాల నమ్మకం.

ఆ నమ్మకం అందరికీ వర్తిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. సబ్బు కొనేవాడు 'బెస్ట్' అన్న మాటను పట్టించుకోకపోవచ్చు. నచ్చకపోతే వచ్చే నెల ఇంకో సబ్బు కొంటాడు. పొలం అమ్మి పిల్లాణ్ని కోచింగ్‌లో చేర్చేవాడికీ, ఇరవై ఏళ్ల అప్పుతో ఫ్లాట్ కొనేవాడికీ రెండో అవకాశం ఉండదు. అందుకే 2019 వినియోగదారుల రక్షణ చట్టం రాకను గట్టిగా స్వాగతించాలి. దాని కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, సీసీపీఏ, ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. 2022లో సెన్సొడైన్ టూత్‌పేస్ట్ ప్రకటనల్లోని 'ప్రపంచంలో నంబర్ వన్' అన్న మాటకు ఆధారం చూపమని అడిగింది. ఇచ్చిన ఆధారం సరిపోలేదని 10 లక్షల జరిమానా విధించింది, ప్రకటన ఆపించింది.

---

■ 'పర్ఫెక్షన్' ఎవడి సొత్తూ కాదు

*ఇంగ్లండ్‌లో క్రాస్‌ఫీల్డ్ అనే సబ్బుల కంపెనీ 'పర్ఫెక్షన్' అన్న మాటను ట్రేడ్‌మార్క్‌గా తనకే రాసివ్వమని అడిగింది. 1909లో అప్పీలు కోర్టు కుదరదంది. పొగడ్త మాటలు భాషలో అందరికీ చెందిన ఉమ్మడి నేల, డబ్బున్న వ్యాపారి దానికి కంచె వేసుకోకూడదన్నది ఆ తీర్పు సారం. తొంభై ఏళ్ల తర్వాత, 1999లో, 'అమెరికాలో బెస్ట్ బీరు' అన్న మాటల్ని తనకు నమోదు చేయమన్న బోస్టన్ బీర్ కంపెనీకీ అమెరికా కోర్టు ఇదే జవాబిచ్చింది. డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ 1973 నుంచి బ్రిటన్‌లో 'బహుశా ప్రపంచంలోనే బెస్ట్' అని చెప్పుకుంది. 2019లో అదే కంపెనీ 'బహుశా బెస్ట్ కాదేమో' అని ప్రకటన వేసి, బీరు తయారీని మార్చుకుని మళ్లీ బజారులోకి దిగింది.*

---

నంబర్ వన్ నీడలో ఇళ్లు

హైదరాబాద్ శివార్లలో ఏ కూడలిలో నిలబడినా హోర్డింగుల మీద లగ్జరీ, అల్ట్రా లగ్జరీ, సిగ్నేచర్, ఎక్స్‌క్లూజివ్ అన్న మాటలే. వీటిలో ఏ ఒక్కదానికీ నిర్వచనం లేదు. ఆ మాటల కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు సంగతులు మాత్రం కొలవగలిగినవి: రెరా రిజిస్ట్రేషన్ నంబరు, కార్పెట్ ఏరియా. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకటనలో ఆ నంబరు తప్పనిసరి చేసింది. 12వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రకటననో, బ్రోచర్‌నో, నమూనా ఫ్లాట్‌నో నమ్మి డబ్బు కట్టిన కొనుగోలుదారు, అందులో చెప్పింది అబద్ధమని తేలి నష్టపోతే పరిహారం కోరవచ్చు. ఒప్పందం నుంచి తప్పుకుని వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగవచ్చు. 'అల్ట్రా లగ్జరీ' అన్నందుకు కేసు నిలవడం కష్టం. క్లబ్‌హౌస్ ఇన్ని చదరపు అడుగులు, కొలను ఉంటుంది, ఫలానా నెలకు తాళాలిస్తాం అని రాసినందుకు నిలుస్తుంది. అందుకే బ్రోచర్ పారేయకుండా దాచుకోవాలి. కొనేవాళ్లలో చాలామంది దాన్ని తాళాలు రాకముందే చిత్తుకాగితాల్లో వేసేస్తారు.

కోచింగ్ ప్రకటనల్లో నొప్పి మరింత లోతైనది, ఎందుకంటే అక్కడ సరుకు పిల్లలు. ఫలితాలు వచ్చిన సాయంత్రం టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి అంటూ ర్యాంకుల మోత. తెలుగు ఇళ్లలో రెండు తరాలు ఆ గోల మధ్య పెరిగాయి. మర్నాడు పత్రిక తిరగేస్తే ఒకే పిల్ల ఫొటో రెండు మూడు సంస్థల ప్రకటనల్లో నవ్వుతూ ఉంటుంది. ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని, అందులో ఏ సంస్థ 'నంబర్ వన్' అని పెద్దగా రాసుకుందో అక్కడికే బస్సెక్కి వెళ్లే తండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

అంకెలు కూడా అబద్ధమాడగలవని సీసీపీఏ విచారణల్లో బయటపడింది. 2022 సివిల్స్‌లో ఎంపికైనవారు మొత్తం 933 మంది. వారిలో 682 మంది తమ విద్యార్థులేనని ఒకే సంస్థ ప్రకటించుకుంది. ఆరా తీస్తే అత్యధికులు ప్రిలిమ్స్, మెయిన్స్ సొంతంగా గట్టెక్కాక ఉచిత మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చినవారని తేలింది. అంకె తప్పు కాదు. అంకె దేన్ని కొలుస్తోందో దాచారు. ఆ ఫొటోలు చూసి పూర్తి కోర్సుకు ఫీజు కట్టిన కుటుంబానికి ఆ సంగతి తెలిసే దారి లేదు. 2024 నవంబరు నాటికి ఇలాంటి ప్రకటనల మీద సీసీపీఏ 45 నోటీసులిచ్చింది, 18 సంస్థలకు 54 లక్షల 60 వేల రూపాయల జరిమానా వేసింది. ఆ సంస్థల ప్రకటనల ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇది చాలా చిన్న మొత్తం. ఇంకా గట్టిగా వేయాల్సింది.

అదే నెలలో సీసీపీఏ కోచింగ్ రంగానికి విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకుకూ సీటుకూ హామీ ఇవ్వకూడదు. విజేత పేరు, ఫొటో వాడాలంటే ఎంపికయ్యాక ఆ విద్యార్థి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, చేరేనాడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఆ విద్యార్థి చదివింది ఏ కోర్సు, ఎంతకాలం, ఫీజు కట్టాడా లేదా అన్నది ఫొటో పక్కనే స్పష్టంగా రాయాలి. 50 మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ కేంద్రాలన్నీ దీని కిందికి వస్తాయి. పెద్ద నగరాల్లోని సంస్థలే కాదు, జిల్లా కేంద్రంలో మేడ మీద నడిచే కోచింగ్ కూడా. ఫొటో పక్కన ఆ వివరాలు లేని హోర్డింగు కనిపిస్తే తల్లిదండ్రులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరుకు తెలుగులోనూ ఫిర్యాదు చెప్పుకోవచ్చు.